పాదం ఒప్పుకున్నాక

ఆ రోజు ఇంట్లో అందరూ ఉన్నారు. వరండాలో పేపరు పట్టుకుని మామగారు, ఆ పేపరులో సగం లాక్కుని చదువుతున్న మరిది, అద్దం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కా కోసం కేకలేస్తున్న భర్త, హాల్లో దివాను మీద అత్తగారు, ఆవిడ పక్కనే కూతురికి సాయంగా వచ్చిన వియ్యపురాలు, ముందుగదిలో ఆవిడ కూతురైన తోడికోడలు, తోడికోడలి ఒళ్లో ఇంకా నెల నిండని బుజ్జిగాడు. వంటింట్లో పెద్దకోడలు.

పాలబ్బాయి గుమ్మంలోకి వచ్చినప్పుడు వియ్యపురాలు, "ఇంతమందిమి ఉన్నాం బాబూ, ఇంకో ప్యాకెట్టు వెయ్యి" అంటూ ఎవరెవరు ఉన్నారో వరసలు పెట్టి మరీ చెప్పింది. ఆ వరసల్లో పెద్దకోడలు రాలేదు. వంటింటి కిటికీలోంచి అది విని ఆమె తనలో తనే నవ్వుకుంది. నిజమే కదా, తను పాలు తాగదు. కాచుతుంది.

ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కూర. మధ్యలో భర్త చొక్కా, మామగారికి వేణ్ణీళ్లు, వియ్యపురాలికి చక్కెర లేని టీ, అత్తగారికి చక్కెర ఉన్న టీ. అవి తారుమారైతే రెండు కప్పులూ వెనక్కి వస్తాయి. ఇవన్నీ అయ్యాక ఆమె డ్యూటీకి వెళ్లాలి. డ్యూటీ అయ్యాక పెరటి దారిన రావాలి. బుజ్జిగాడు పుట్టినప్పటి నుంచీ అత్తగారు పెట్టిన పద్ధతి అది. పెరటి తలుపు దగ్గరే స్నానం చేసి, విప్పిన బట్టలు వేరే బకెట్లో వేసి, అప్పుడు లోపలికి రావాలి. వచ్చినా ముందుగది వైపు వెళ్లకూడదు. ఆమె అడుగుల చప్పుడు వినగానే వియ్యపురాలు లేచి వెళ్లి ఆ గది తలుపు దగ్గరికి వేసేది. దురుసుగా కాదు. వర్షం వస్తే కిటికీ వేసుకున్నంత మామూలుగా.

ఎందుకంటే పెద్దకోడలు నర్సు. మామూలు నర్సు అయితే ఎవరికీ బాధ లేకపోయేది, నలుగురిలో చెప్పుకునేవాళ్లు కూడా. ఆమె పనిచేసేది నయం కాని జబ్బులతో పుట్టిన పిల్లల దగ్గర. మందులతో బాగయ్యే దారి లేదని పెద్దాసుపత్రి వాళ్లు చెప్పాక, ఉన్నన్నాళ్లూ నొప్పి లేకుండా, ఆకలి లేకుండా, ఒంటరిగా లేకుండా చూసుకోవడానికి ఆ పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారు. అక్కడి వాళ్లు దాన్ని ఆసుపత్రి అనరు, 'ఇల్లు' అంటారు. ఆ మాట కూడా అత్తగారికి నచ్చదు. "ఇల్లట ఇల్లు! మరి ఇదేంటి, సత్రమా?" అంటుంది.

కూర దించుతుండగా ముందుగదిలో బుజ్జిగాడు ఏడుపందుకున్నాడు. తోడికోడలు స్నానానికి వెళ్లింది. వియ్యపురాలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. "ఎవరైనా చూడండర్రా" అన్నారు మామగారు వరండాలోంచి. "చూడండి ఎవరైనా" అన్నాడు మరిది, కన్నతండ్రి, ఆటల పేజీ తిప్పుతూ. "ఏం చేస్తున్నారు లోపల అంతా?" అన్నాడు భర్త. దివాను మీది నుంచి లేవడానికి అత్తగారికి మోకాళ్లు సహకరించాలి, అవి సహకరించే లోపు పిల్లవాడి ఏడుపు గుక్కలోకి తిరిగింది. గది తలుపు తెరిచే ఉంది. పెద్దకోడలు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, లోపలికి వెళ్లింది.

వెళ్లాలా వద్దా అని ఆలోచించలేదు. చేతులు వాటంతటవే ఒకదానితో ఒకటి రుద్దుకుని వెచ్చబడ్డాయి. వంగి, ఏడుస్తున్న పిల్లవాడిని ఎత్తుకోకుండా, వాడి కుడిపాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. నొక్కలేదు, ఊపలేదు. పట్టుకుని ఊరుకుంది. ముడుచుకున్న వేళ్లు కాసేపటికి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మడమ బరువు మెల్లగా ఆమె చేతిలోకి దిగింది. గుక్క ఆగింది. వాడు తడి కళ్లతో, ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టే ఆమె వైపు చూశాడు.

అది ఆమెకి పెద్ద సిస్టర్ నేర్పిన పద్ధతి. ఆ ఇంటికి వచ్చే పిల్లలు అప్పటికే ఎన్నో సూదులు చూసి ఉంటారు. "గుచ్చినవీ చేతులే, ఎత్తుకునేవీ చేతులే. పసిదానికి తేడా ఎలా తెలుస్తుంది? అందుకని ముందు పాదం. పాదం పట్టుకుని ఆగు. అది ఒప్పుకున్నాక పిల్లని ఎత్తుకో. ఒప్పుకోకపోతే ఇంకాసేపు ఆగు. మనకేం తొందర?" అనేవారు పెద్ద సిస్టర్. అక్కడ ఎవరూ, డాక్టరైనా సరే, పాదాన్ని అడగకుండా పిల్లని ముట్టుకోరు.

"అయ్యయ్యో!" అని గుమ్మంలోంచి కేక. తడిబట్ట చేతిలోనే ఉంది, వియ్యపురాలు రాయిలా నిలబడిపోయింది. "పాదం ఎందుకు పట్టుకున్నావమ్మా? ఏం చూశావ్? చల్లగా ఉందా?"

పెద్దకోడలికి మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఎప్పుడో మామగారు టీ తాగుతూ, "పోయే ముందు మీకు తెలుస్తుందా అమ్మాయ్?" అని అడిగితే, "పాదాలు ముందు చల్లబడతాయి మావయ్యా" అని మామూలుగా జవాబు చెప్పింది. ఇంటి విషయాల్లో ఆమె చెప్పిన ఒక్క మాటా ఎవరికీ గుర్తుండదు. ఆ మాట మాత్రం అందరికీ గుర్తుంది.

క్షణంలో గది నిండిపోయింది. అత్తగారి మోకాళ్లు కూడా సహకరించాయి. అత్తగారు ఒక పాదం, వియ్యపురాలు ఒక పాదం పట్టుకుని చూశారు. మరిది పేపరు పారేసి వచ్చి తనూ పట్టుకుని చూశాడు. మామగారు పిల్లవాడి పాదం ముట్టుకుని, అనుమానమొచ్చి వంగి తన పాదం ముట్టుకుని, "నాదే చల్లగా ఉందే!" అని బెంగగా మంచం అంచున కూలబడ్డారు. బుజ్జిగాడు ఇంటి పైకప్పు ఎగిరేలా ఏడుస్తున్నాడు.

"వాడికేం లేదత్తయ్యా. బంగారంలా ఉన్నాడు. అది పలకరింపు. మేం అక్కడ పిల్లల్ని అలాగే పలకరిస్తాం" అంది పెద్దకోడలు.

"కాళ్లు పట్టుకుని పలకరించడం ఎక్కడైనా విన్నామా? ఇన్నేళ్లలో నా కాళ్లు పట్టుకుని పలకరించలేదే నువ్వు!"

"అక్కడి పద్ధతులు ఇక్కడికి మోసుకు రావద్దనే కదా వదినగారూ నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది" అంది వియ్యపురాలు కళ్లు ఒత్తుకుంటూ.

భర్త గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా బొత్తాలు సగం పెట్టుకుని. అతనికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఈ రోజు వెళ్లి చెప్పేసి రా, రేపటి నుంచి రానని. అంతే. ఇంకేం మాట్లాడకు."

"ఏవండీ, నేను పట్టుకోగానే వాడు ఏడుపు ఆపాడు. మీరే అడగండి..."

"ఎవర్ని అడగను? వాణ్ణా? చెప్పి వస్తేనే సాయంత్రం ఇంటికి రా. లేకపోతే అక్కడే ఉండిపో, ఎలాగూ అదీ ఇల్లేగా."

తోడికోడలు తడి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. పిల్లవాడిని తీసుకుని, అందరూ బయటికి వచ్చాక తలుపు వేసుకుంది. వేసే ముందు పెద్దకోడలి చేతుల వైపు ఒకసారి చూసింది. ముఖం వైపు కాదు, చేతుల వైపు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో చేతులు పెట్టుకుని ఆమె కూడా వాటినే చూసుకుంది. కత్తిగాట్లు, పొయ్యి మీద కాలిన మచ్చ, సబ్బుతో పొడిబారిన వేళ్లు. ఈ చేతుల వంట ఇంట్లో అందరూ తింటారు. ఈ చేతులు ఉతికిన చొక్కా వేసుకుని భర్త ఆఫీసుకి వెళతాడు. తిండికి రాని మైల, బట్టకి రాని మైల, పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడి నుంచి వస్తుందో. "చచ్చే పిల్లలకి సేవ చేసి ఏం సాధిస్తావు? బతికే పిల్లల వార్డు అడగొచ్చుగా" అన్నాడు భర్త పెళ్లైన కొత్తలో. అప్పుడు చిరాగ్గా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆమె చెప్పడానికి ప్రయత్నించింది కూడా. బతుకు పొడుగ్గా ఉన్నవాళ్లకి చూసేవాళ్లు చాలామంది ఉంటారండీ అంది. అప్పటికే అతను నిద్రపోయాడు. తర్వాత ఒకసారి ఆమె కడుపులో ఒక నలుసు పడి, నిలవకుండా జారిపోయింది. "పోనీలే, ఇంకొకరు వస్తారు" అన్నారు అందరూ, బస్సు తప్పిపోయినవాళ్లతో అన్నట్టు. ఆ తర్వాత ఇంకొకరు రాలేదు. రాకపోవడానికి కారణం ఆమె ఉద్యోగమేనని ఎవరూ పైకి అనలేదు, బుజ్జిగాడు పుట్టగానే పెరటి తలుపు దగ్గర బకెట్టు మాత్రం పెట్టారు.

అన్నిటికన్నా ఆమెకి వింతగా తోచేది ఇంకొకటి. పుట్టి నాలుగు రోజులైనా కాని పసిదాని ఒంటిని ముట్టుకోవడానికి, తను పనిచేసే ఆ 'ఇంట్లో' అందరూ ఆగుతారు. పాదం ఒప్పుకునేదాకా ఆగుతారు. తన ఇంట్లో తన చెయ్యి పట్టుకుని లాగినప్పుడు గానీ, భుజం మీద చెయ్యి వేసి పక్కకి తిప్పుకున్నప్పుడు గానీ ఎవరైనా ఒక్క క్షణం ఆగారా? చెడ్డవాళ్లేం కాదు. ఆగాలని తెలియదు, అంతే. ఆమెకీ తెలియదు కదా, ఆ ఇంటికి వెళ్లేదాకా.

గేటు దాటగానే చక్రాల కుర్చీలోంచి గొంతు వినబడింది. "వెచ్చమ్మా, ఆలస్యం! బెంచీ ఎక్కు!"

ఆ గొంతు హెడ్మాస్టరమ్మది. కాళ్లలో, చేతుల్లో కండలు కరిగిపోతున్న పాప. బళ్లోకి వెళ్లడం కుదరదు కాబట్టి అక్కడున్న అందరికీ తనే బడి నడుపుతుంది. ఎప్పుడూ చేతులు వెచ్చగా ఉంటాయని పెద్దకోడలికి వెచ్చమ్మ అని పేరు పెట్టింది కూడా ఆ పాపే. గేటు అవతల ఆమె పెద్దకోడలు, గేటు ఇవతల వెచ్చమ్మ.

"బెంచీ ఎక్కితే నడుం పట్టేస్తుంది మేడమ్, గోడకుర్చీ వెయ్యనా?"

"ఇవాళ్టికి క్షమించాం. ముఖం కడుక్కో. ఏడ్చిన ముఖాలకి క్లాసులోకి ప్రవేశం లేదు."

వెచ్చమ్మ ముఖం కడుక్కుని పెద్ద సిస్టర్ గదికి వెళ్లింది. దారంతా వల్లె వేసుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. "సిస్టర్, రేపటి నుంచి నేను..."

పెద్ద సిస్టర్ సిరంజీలు సర్దుతున్న చెయ్యి ఆపి ఆమె వైపు చూశారు. ఏం విన్నారో, ఏం విననట్టు ఊరుకున్నారో తెలియదు. "పిచ్చుకకి ఇవాళ బాగాలేదమ్మా. ఊపిరి మధ్యమధ్య ఆగి వస్తోంది. నొప్పి లేకుండా మందు ఇచ్చాను. ఎక్కువ టైము లేదనుకుంటా. నువ్వు ముందు అక్కడికి వెళ్లు. ఏం చెప్పినా తర్వాత వింటాను."

పిచ్చుక కొస గదిలో ఉంటుంది. గుండె సరిగా తయారవకుండా పుట్టిన ఆడపిల్ల. ముక్కులోంచి పాలు పోసే సన్నటి గొట్టం, బుగ్గ మీద దాన్ని అంటించిన చిన్న టేపు. పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. పాప ఇంట్లోవాళ్లు పేరు పెట్టొద్దన్నారు. పేరు పెడితే గుర్తుండిపోతుందట. వాళ్లమ్మ, ఇక్కడ అందరికీ పిచ్చుకమ్మ, రోజూ వస్తుంది. వచ్చి గోడవారగా కుర్చీలో కూర్చుని, చేతులు చంకల్లో దాచుకుని, మంచం వైపు చూస్తూ ఉండి, సాయంత్రం వెళ్లిపోతుంది. ముట్టుకోదు. ఎంత చెప్పినా ముట్టుకోదు.

"రాత్రి కూడా మా అత్త చెప్పింది" అంది పిచ్చుకమ్మ, వెచ్చమ్మ లోపలికి రాగానే, మధ్యలో ఆపిన మాటలాగా. "ముట్టుకుంటే మమకారం పెరుగుతుంది, తర్వాత నువ్వే ఏడుస్తావు, ఇంకొకరు పుడతారులే అంది. మా ఆయన కూడా అదే మాట. వాళ్లు నా మంచికే చెప్తున్నారు కదక్కా?"

"నీ మంచికే చెప్తున్నారేమో."

"నాకు వాళ్ల మాట కాదు భయం. ఆ గొట్టం ఊడిపోతుందేమో. నేను పట్టుకుంటే దానికి నొప్పేమో. కడుపులోనే సరిగా తయారుచెయ్యలేకపోయాను, ఇప్పుడు పట్టుకుని ఏం చేస్తాను?"

వెచ్చమ్మ దగ్గర దీనికి జవాబు ఉంది. చాలాసార్లు చెప్పింది కూడా. నీ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. చెప్పిన ప్రతిసారీ ఆ తల్లి బుద్ధిగా తలూపి, చేతులు ఇంకా లోపలికి దాచుకునేది. అందుకని ఈసారి చెప్పలేదు. చేతులు వెచ్చ చేసుకుని పిచ్చుక పాదం పట్టుకుంది. వేళ్ల చివర్లు చల్లగా ఉన్నాయి. పొద్దున తన ఇంట్లో అందరూ వెతికిన చల్లదనం అది. తడిగుడ్డతో పెదాలు తుడిచి, దుప్పటి సర్దింది. మరుసటి రోజు ఈ పాదాన్ని ఎవరు పట్టుకుంటారు? మరుసటి రోజంటూ దానికి ఉంటే. అది అడగదు. వాళ్లమ్మ అడుగుతుంది. ఏం చెప్పాలి?

జేబులో ఫోను మోగింది. చెప్పావా లేదా అని భర్త అడుగుతున్నాడనుకుంది. తీయకుండా ఉండాలనుకుని, అలవాటుగా తీసింది.

"అక్కా, నేను." తోడికోడలి గొంతు గుసగుసగా ఉంది, వెనక నీళ్ల చప్పుడు. "బాత్రూంలోంచి మాట్లాడుతున్నా. వినబడకుండా కుళాయి తిప్పి పెట్టా."

"ఏమైంది? బుజ్జిగాడేడీ?"

"నా దగ్గరే ఉన్నాడు."

"బాత్రూంలోనా!"

"మరెక్కడికి పోను? మా అమ్మ ఒకసారి, అత్తయ్య ఒకసారి వచ్చి వాడి కాళ్లు పిసుకుతున్నారు చల్లగా ఉన్నాయేమోనని. మావయ్యగారు పొద్దుటి నుంచి సాక్సులు తియ్యలేదు. వీడు ఏడుపు ఆపట్లేదక్కా, పాలు కూడా తాగట్లేదు. పొద్దున నువ్వు పట్టుకుంటే ఆపాడు కదా. నేను స్నానం నుంచి వస్తూ చూశాను. నిన్ను తిట్టిన తర్వాత కాదు, ముందే చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు." కాసేపు నీళ్ల చప్పుడు. "ఎలా పట్టుకోవాలో చెప్పక్కా."

వెచ్చమ్మ కిటికీ వైపు తిరిగింది. "ముందు కుళాయి కట్టెయ్. ఆ చప్పుడుకి బెదురుతాడు. ఫోను పక్కన పెట్టి, చేతులు రెండూ రుద్దుకో. వెచ్చబడ్డాయా? ఇంకాస్త. ఇప్పుడు ఒక్క పాదం, మొత్తం పాదం అరచేతిలోకి రావాలి. నొక్కకు. ఏమీ చెయ్యకు. ఊరికే ఉండు. నేనొచ్చాను, ఎత్తుకోనా అని అడుగుతున్నట్టు ఉండాలి. కాళ్లు తన్నుతాడు, తన్ననీ. వదిలెయ్యకు, బిగించకు. నీ చెయ్యి నొప్పి పెట్టే చెయ్యి కాదని వాడికి తెలియడానికి కాస్త టైము పడుతుంది. ఆగు. వేళ్లు విచ్చుకున్నాయా?"

"లేదక్కా."

"అయితే ఆగు. మనకేం తొందర?"

ఫోనులో ఏడుపు మెల్లగా సన్నబడింది. వెక్కిళ్లలోకి దిగింది. తర్వాత ఏమీ వినబడలేదు. చాలాసేపటికి తోడికోడలు, "ఒప్పుకున్నాడక్కా" అంది, తనే ఏడుస్తూ. ముక్కు ఎగబీల్చి, "సాయంత్రం పెరట్లోంచి రాకు. ముందు తలుపు నేను తీస్తా. నువ్వు అక్కడ ఏం చెప్పి వచ్చినా సరే, ఏం చెప్పకపోయినా సరే, నేను తీస్తా" అని ఫోను పెట్టేసింది.

వెచ్చమ్మ కళ్లు తుడుచుకుని ఇటు తిరిగింది.

గోడవార కుర్చీ ఖాళీగా ఉంది. పిచ్చుకమ్మ మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఇంకా రుద్దుకుంటూనే ఉంది, చలిమంట దగ్గర కూర్చున్నదానిలా, ఎప్పటి నుంచి రుద్దుతోందో. తర్వాత ఒక చెయ్యి చాపింది. ఆ బుల్లి పాదం ఆమె అరచేతిలో సగం కూడా లేదు.

"చల్లగా ఉందక్కా."

"నీ చెయ్యి వెచ్చగా ఉంది కదా."

ఆ తల్లి పాదం వదల్లేదు. పిచ్చుక ఊపిరి ఒకసారి ఆగి, మళ్లీ వచ్చింది. గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఒక పసిదాని కాలివేళ్ల కేసి చూస్తూ ఉన్నారు. బయట హెడ్మాస్టరమ్మ ఎవరినో బెంచీ ఎక్కమంటోంది. ఆకు విచ్చుకున్నంత నెమ్మదిగా చిటికెనవేలు విచ్చుకుంది. దాని పక్కది విచ్చుకుంది. మడమ చేతిలోకి ఒరిగింది.

"ఒప్పుకుందా అక్కా? ఇదేనా ఒప్పుకోవడమంటే?"

"ఇదే."

గొట్టం ఎటు ఉంచాలో, తల కింద చెయ్యి ఎలా పెట్టాలో వెచ్చమ్మ చూపించింది, ముట్టుకోకుండా. ఎత్తింది ఆ తల్లే. ఎత్తి గుండెల మీద పడుకోబెట్టుకుని, గడ్డం కిందికి ఆ తల చేర్చుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఏమీ ఊడిపోలేదు. పిచ్చుక నుదురు ముడతలు విప్పుకుంది.

"ఎంత తేలిగ్గా ఉందో" అంది. కాసేపయ్యాక, "కాదు, బరువుగానే ఉంది" అంది, గర్వంగా.

వెచ్చమ్మ దుప్పటి తీసి ఇద్దరికీ కలిపి కప్పింది. పిచ్చుకమ్మ గదిలో అటూ ఇటూ నాలుగడుగులు వేసింది. బిడ్డ చెవి దగ్గర ఏదో అంది. పేరే అయి ఉంటుంది. వెచ్చమ్మ వినలేదు, అది తను వినవలసింది కాదు. తర్వాత ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, ఒక మాట. రేపు ఇది ఉన్నా లేకపోయినా నేను ఇక్కడికి వస్తాను. ఇంట్లో దీని గురించి మాట్లాడనివ్వరు. నువ్వుంటావు కదా?"

పొద్దుటి నుంచి వల్లె వేసిన మాట ఎక్కడ పోయిందో వెచ్చమ్మ వెతుక్కోలేదు. భర్త తగ్గించిన గొంతు గుర్తొచ్చింది. అతను తిరిగి ఏమంటాడో, ఆ రాత్రి ఎంత మాట్లాడాల్సి వస్తుందో కూడా గుర్తొచ్చింది. మాట్లాడుతుంది. అతను నిద్రపోతే లేపి మాట్లాడుతుంది.

"ఉంటాను. రేపూ ఉంటాను, ఎల్లుండీ ఉంటాను."

"అయితే ఇప్పుడు కాసేపు బయటికి వెళ్లక్కా. నా పిల్లని నేను చూసుకుంటాను. అవసరమైతే పిలుస్తాను."

వెచ్చమ్మ గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూసింది. ఆ తల్లి చేతులు రెండూ నిండి ఉన్నాయి. అందుకని ఆమె తన పాదంతో, మెల్లగా, తలుపు నెట్టి వేసేసింది.